మేకకు చెప్పిన మాటలు

పోయిన వారం రొళ్ల వైపు నుంచి ఒక రైతు హిందూపురంలోని మా ఇనుప సామాన్ల అంగడికి వచ్చి బీగం అడిగాడు. అంగట్లో ఉన్న బీగాలన్నీ బల్ల మీద పరిచాను. వేలెడంత పెట్టెబీగం మొదలుకొని పెనుకొండ కోట గుమ్మానికి వేసినా కోటకు పరువు తక్కువ కాని బీగం దాకా అన్నీ చూశాడు. ప్రతిదాన్నీ చేత్తో తూచి, నొక్కి, ఊపి, కొరికి చూడడం ఒక్కటే మిగిల్చి పక్కన పెట్టాడు.

"ఇంకా గట్టిది లేదాప్పా?" అన్నాడు.

దేనికని అడిగాను. వాళ్ల ఊళ్లో రైతులందరూ తమ బోర్లను ఒకే పైపులైనుకు కలుపుకున్నారట. ఏ చేనికి ఎప్పుడు నీళ్లు పోవాలో తిప్పే వాల్వులన్నీ ఒక సిమెంటు పెట్టెలో ఉన్నాయట. ఆ పెట్టెకు బీగం కావాలట. పెనుకొండ పక్కన ఏదో ఊళ్లో ఇట్లాగే చేసుకుని ఏళ్లుగా జగడం లేకుండా నడుపుకుంటున్నారని విన్నారట.

ఆ ఏదో ఊరు మాదే. జగడం లేకుండా అన్న మాట వినగానే నవ్వొచ్చింది. మా ఊళ్లో ఆ పైపులైను నడిచిందే జగడం మీద. కరెంటు పోయిన రోజులున్నాయి, మోటార్లు కాలిన రోజులున్నాయి, జగడం మాత్రం ఒక్క పూట ఆగలేదు.

ఆ ఊరికి బీగం ఇచ్చింది కూడా ఈ అంగడే. అది నాసిరకం బీగం. కాస్త తీరిక ఉన్న ఎలుక కూడా తీయగలదు. అయినా ఇన్నేళ్లలో ఎవరికీ లొంగలేదు. గట్టిగా ఉండాల్సింది బీగం కాదు, తాళంచెవి ఎవరి కొంగున ఉందో ఆ మనిషి, అని రొళ్ల రైతుకు చెప్పాను. చెప్పీ చెప్పగానే ఆమె గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే మామూలుగా కాదు. చీపురు పుచ్చుకుని అంగట్లోకి వచ్చి, ఈ బీగాలన్నీ ఎవడు పరిచాడని అడిగినట్టు.

వరసకు నాకు అత్త. పొడుగు మనిషి కాదు. కానీ జగడానికి నిలబడితే పక్కన ఉన్న కరెంటు స్తంభం పొట్టిగా కనపడేది. ఎడమ చెయ్యి నడుం మీద, కుడి చెయ్యి గాల్లో. ఆ కుడి చెయ్యి ఒకసారి తిరిగితే ఎదుటివాళ్ల వంశంలో మూడు తరాల గుట్టు రాలి కింద పడేది. ఒకసారి ఆమె పొలం గట్టు మీద తిడుతుంటే ధర్మవరం పోయే రైలు తిట్టేది తనను కాదు కదా అని వేగం తగ్గించుకుందని మా ఊళ్లో చెప్పుకుంటారు. నేను నమ్మను. తగ్గించుకోలేదు, పెంచుకుంది.

ఊళ్లో ప్రతి ఇంటితోనూ ఆమెకు మాటల్లేవు. ఒక ఇంటితో కోడిపెట్ట గురించి. ఒక ఇంటితో, వాళ్లు చల్లిన కళ్లాపి ఈమె గడప దాకా వచ్చినందుకు. ఆ పక్కింటితో, వాళ్ల కళ్లాపి రానందుకు. ఒకాయనతో ఆయన దగ్గు గురించి. తను ఎదురొచ్చినప్పుడే కావాలని దగ్గుతాడట. అది ఉబ్బసమని ఊరికి వచ్చిన డాక్టరు సర్ది చెప్పబోయాడు. డాక్టరుతో కూడా మాటలు పోయాయి.

అయితే మా వైపు మాటల్లేనివాళ్లు మాట్లాడుకోకుండా ఉండరు. ఉంటే సేద్యం ఎట్లా నడుస్తుంది? మధ్యలో ఏదో ఒకదాన్ని పెట్టుకుంటారు. కొందరు గోడకు చెబుతారు, కొందరు చంకలోని పిల్లకు చెబుతారు, వినాల్సినవాళ్లు వింటారు. ఆమె మేకకు చెప్పేది. గోరంట్ల సంతలో కొన్న నల్లమేక. ఎప్పుడూ నమిలే నోరు, దేనికీ చలించని ముఖం. రాజీ కుదర్చడానికి పుట్టిన పెద్దమనిషిలా ఉండేది.

"ఏమే మేకా, పక్కింటాయప్ప ఎద్దు మన వామిలో దూరతాండాది. వాళ్లింట్లో మేత లేదేమో అడుగు" అని ఆమె అంటే, పక్కింటాయన కూడా మేకనే చూస్తూ, ఎద్దు కట్టు తెంపుకుందని, రేపటి నుంచి గట్టిగా కడతానని చెప్పుకునేవాడు. మేక నమిలేది. వ్యవహారం తీరిపోయేది.

నాతో మాత్రం నేరుగా మాట్లాడేది. నా గొప్పతనం కాదు. నేను హిందూపురంలో ఉంటాను, మా తమ్ముడి చేను చూడ్డానికి ఎప్పుడో ఒకసారి ఊరికి పోతాను. జగడానికి తగినంత సేపు ఆమె ఎదుట నిలబడలేదు, అంతే.

ఇక మా ఊరి బోర్ల సంగతి. ఒకడు బోరు వేస్తే పక్కవాడు అంతకంటే లోతుగా వేసేవాడు. వాడి మీద పంతంతో ఇంకొకడు. పాతాళంలో ఉండేవాళ్లు తమ ఇంటి పైకప్పుకు చిల్లు పడుతోందని మండలాఫీసులో అర్జీ పెట్టుకునేంత లోతుకు పోయారు. నీళ్లు పెరిగాయా అంటే లేదు. ఒకరి బోరులోంచి ఇంకొకరి బోరులోకి కాపురం మార్చుకుంటుండేవి. బోరు లేనివాళ్లు ఆకాశాన్ని చూసేవాళ్లు, ఉన్నవాళ్లు పక్కవాడి మోటారు వైపు చూసేవాళ్లు. చెనిక్కాయకు, అంటే వేరుశనగకు, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన ముఖం చాటేస్తే ఇద్దరి చేలూ ఒకే తీరుగా ఎండేవి.

అట్లాంటప్పుడు ధర్మవరం నుంచి ఒక సంస్థ అమ్మాయి స్కూటీ మీద రావడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఉపన్యాసం చెప్పేది కాదు. బడి వరండాలో కూర్చుని ప్రశ్నలు అడిగి, ఊరంతా తిట్టుకునేదాకా ఓపికగా ఉండి, తిట్లు అయిపోయాక మళ్లీ అదే ప్రశ్న అడిగేది. అట్లా అడిగీ అడిగీ ఊరివాళ్ల చేతే ఒక ఒప్పందం పలికించింది. కొత్త బోర్లు వేయకూడదు. వరి పెట్టకూడదు. ఉన్న బోర్లన్నీ ఒక లైనుకు కలపాలి. వాన రాని రోజుల్లో బోరు ఉన్నా లేకున్నా ప్రతి చేనికీ వంతు ప్రకారం ఒక తడి ఇవ్వాలి.

పైపులొచ్చాయి, పెట్టె కట్టారు, నేను హిందూపురం నుంచి బీగం పట్టుకుపోయాను. అక్కడ ఆగిపోయింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

ఒక పేరు చెబితే, వాడు ఫలానావాడికి బామ్మర్ది అన్నారు. ఇంకో పేరు చెబితే, వాడి కూతుర్ని ఫలానా ఇంటికి ఇచ్చారు అన్నారు. నెలకు ఒకరు పట్టుకుంటే పోలా అంటే, వాన ఎండబెట్టే నెల ఎవరికి వస్తుందో అన్నారు. నన్ను పట్టుకోమన్నవాళ్లు కూడా ఉన్నారు, మా తమ్ముడి చేను ఆ లైనులోనే ఉందని గుర్తొచ్చేదాకా. చివరికి ఆ అమ్మాయి నీరసంగా, ఈ ఊళ్లో అందరికీ సమానంగా ఉండే మనిషి ఒక్కరూ లేరా అంది.

మునెప్ప తాత గొంతు సవరించుకున్నాడు. ఊళ్లో అన్నిటికంటే మంచి బోరు ఆయనది. అందుకే అందరికంటే ఎక్కువ అనుమానం కూడా ఆయన మీదే.

"అందరికీ కావల్సిన మనిషి ఈ ఊర్లో లేడమ్మా. ఎవరికీ కాని మనిషైతే ఉండాది."

వరండా అంతా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే ఆగారు. ఆగి, అందరూ ఎదురింటి అరుగు వైపు చూశారు. ఆమె మీటింగుకు రాలేదు. మీటింగుతో ఆమెకు మాటల్లేవు. కానీ ప్రతి మీటింగుకూ తన అరుగు మీద, మాకు వీపు పెట్టి, మేకను పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆ వీపుకు ఉన్నంత శ్రద్ధ మాలో చాలామంది ముఖాలకు ఉండేది కాదు.

అడిగేది ఎవరు? ఒక్కరితోనూ మాటల్లేవు కదా. ఊరు ఊరంతా లేచి వీధి దాటి పోయింది. పంచె సర్దుకుని, కండువా భుజాన వేసుకుని, మునెప్ప తాత మేక ఎదుట చేతులు జోడించాడు. తిరుపతిలో కూడా ఆయన అంత వినయంగా నిలబడి ఉండడు.

"మేకా, ఆయమ్మను అడుగు. బీగం పట్టుకుంటాదేమో."

మేక నమిలింది.

"మేకా, వాళ్లకు చెప్పు" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "పట్టుకుంటే ఎవరి మాటా వినను. పట్టుకోకున్నా విననుకో."

అట్లా మా ఊరి నీళ్లు ఆమె కొంగుకు ముడిపడ్డాయి. వాన రాని రోజుల్లో పొద్దున్నే బయలుదేరేది. ముందు మేక, వెనక ఆమె. వంతు ఉన్న ఇంటి ముందు ఆగి, ఈ పొద్దు వీళ్ల చేనికి నీళ్లు, మాపటికి కట్టేస్తాను, ఆనక చాలలేదని ఏడిస్తే నాకు తెల్దు, అని మేకకు విన్నవించేది. లోపలివాళ్లు మేకకు సరే చెప్పేవాళ్లు. తన చేనికి మాత్రం అందరి తర్వాతే నీళ్లు పెట్టుకునేది. బహుశా తనతో కూడా ఆమెకు మాటల్లేవు.

ఆమెను మంచి చేసుకోవాలని చూసినవాళ్లు లేకపోలేదు. ఒకామె వేడి వేడి సంగటి, ఊరిబిండి పట్టుకెళ్లింది. అత్త కూర్చుని సాంతం తిని, గిన్నె కడిగి ఇచ్చి, ఊరిబిండిలో ఉప్పు తక్కువ వేయడం తన ఇంటిని చులకన చేయడమేనని మేకకు చెప్పి, ఆ ఇంటి మీద పాతదాని పైన కొత్త జగడం వేసుకుంది. స్నేహానికి వచ్చినవాళ్లకు ఆమె చేసే మర్యాద అది. రెండు సార్లు ఆ మర్యాద పొందినవాళ్లు మూడోసారి పోలేదు.

ఇది చూడ్డానికి యాడెయాడి నుంచో జనం వచ్చేవాళ్లు. ఒకసారి కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన వచ్చి, నీటి నిర్వహణ ఎవరు చూస్తారని అడిగాడు. అందరూ ఆమెను చూపించారు. ఆమె, ఈయన చెప్పులు పైపు మీద పెట్టినాడు, తీయమను, అని మేకతో అంది. ఆయన కాలు తీసి, ఈ మేకకు తెలుగు అర్థమవుతుందా అన్నాడు.

"మేకకు అర్థం కావల్సిన పని లేదు సార్" అన్నాడు మునెప్ప తాత. "మాకు అర్థమైతే చాలు."

నాకు మాత్రం అంతు పట్టనిది ఒకటి ఉండేది. ఆమె చెల్లెలిదీ మా ఊరే. ఇద్దర్నీ ఒకే ఊరికి ఇచ్చారు. ఇద్దరి మొగుళ్లూ పోయారు. ఆ చెల్లెలితో కూడా ఆమెకు మాటల్లేవు. కానీ తక్కిన ఇళ్ల ముందు మేకను దాని మానాన వదిలేసి వీధి చివరికి వినపడేలా అరిచే మనిషి, చెల్లెలి ఇంటి ముందు మాత్రం మేక కొమ్ము పట్టుకుని, దాని ముఖాన్ని గుమ్మం వైపు తిప్పేది. గొంతు సగానికి తగ్గేది. చెల్లెలు బయటికొచ్చి, మేకకు గుప్పెడు కంది పొట్టు పెట్టి, "సరేనని చెప్పు" అనేది. మెత్తని మనిషి ఆమె. మా ఊళ్లో ఆమె అరుపు విన్నవాళ్లు లేరు.

ఆ జగడం దేనికి? ఊళ్లో నేను వాకబు చేయని మనిషి లేడు. వాళ్లమ్మ ఇత్తడి బిందె గురించి అన్నారు కొందరు. ఏదో పెళ్లిలో పసుపు కుంకుమ ముందు ఒకరికి ఇచ్చి వెనక ఒకరికి ఇచ్చినందుకు అన్నారు. చెల్లెలు తిట్టినట్టు అక్కకు కల వచ్చిందని, ఆ కలకు చెల్లెలు క్షమాపణ చెప్పలేదని ఇంకొకాయన ప్రమాణం చేసి చెప్పాడు. కుతూహలం నన్ను తినేసింది. ఒక రోజు ఆమె విత్తనాలకు చెనిక్కాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని, నేనూ నాలుగు వలిచి, నేరుగా అడిగేశాను.

చేతులు ఆగాయి. "అదేమి అడుగుతావులే అల్లుడా. మా చెల్లెలు చిన్నప్పుడు..." అంది. నా వైపు చూసింది. చూసిన చూపు అట్లాగే జరుగుతూ జరుగుతూ పోయి మేక మీద ఆగింది. "మేకా, ఈయప్పకు అంగట్లో పని లేదేమో అడుగు."

వాక్యం నా దగ్గర మొదలై మేక దగ్గర ముగిసింది. ఆ రోజు నుంచి నేనూ ఊళ్లో కలిసిపోయాను.

తర్వాత ఒక ఏడు వాన విత్తనం వేయించి మాయమైంది. పెనుకొండ కొండ మీద పొద్దున మబ్బు కూర్చుంటే మాకు ఆశ. ఆ ఏడు కొండ గుండు గీయించుకున్నట్టు నున్నగా నిలబడి ఉండేది. ఊడలు దిగే వేళ వచ్చేసింది. నీళ్ల వంతులు నడుస్తున్నాయి. చెల్లెలి చేను ఏటవాలు మీద ఇసుక నేల, అన్నిటికంటే ముందు అదే వాడుతుంది. ఆ ఏడు ఆమె వంతు బాగా వెనక పడింది.

అప్పుడే ఒక పొద్దున చెల్లెలు పళ్లెంలో ఓళిగలు పెట్టుకుని, పైన గుడ్డ కప్పుకుని, అక్క వాకిట్లోకి వచ్చింది. నేను ఊళ్లోనే ఉన్నాను. ఆ వాకిట్లో ఆ కాలు పడి ఎన్నేళ్లయిందో. కసువు ఊడ్చేవాళ్లు ఊడవడం ఆపారు. పాలు పితికేవాళ్లు ఆపారు, ఎనుము కూడా అభ్యంతరం చెప్పలేదు. చూస్తుండగానే వీధి నిండిపోయింది.

చెల్లెలు మేక వైపు చూడలేదు. నేరుగా అక్క ముఖంలోకి చూసింది.

"అక్కా, నా చేనికి నీళ్లు అడగను. ఎండితే ఎండనీ. నువ్వు నాతో మాట్లాడు. మనకింకా ఎన్నాళ్లుండాది?"

వీధిలో గుసగుసలు పుట్టాయి. అత్త చెడ్డదని ఎవరూ అనలేదు. కానీ ఇన్నాళ్లూ ఆ బీగం నిలబడింది ఎందుకు? ఆమెకు ఊళ్లో అయినవాళ్లంటూ ఒక్క ఇల్లు లేనందుకు. ఇప్పుడు ఒక ఇల్లు అయితే, రేపు చెల్లెలి చేనికి వాల్వు రొవ్వంత ఎక్కువ తిరిగిందని ఎవరో ఒకరు అంటారు. అన్న మరుసటి పూట బోరు ఉన్న ప్రతివాడూ తన మోటారు తను వేసుకుంటాడు. బోరు లేనివాళ్ల కాయ నేలలోనే మాడిపోతుంది. ఎండ మండిపోతున్న ఆ పొద్దున ఇది వివరించి చెప్పాల్సిన పని ఎవరికీ లేదు.

మునెప్ప తాత ముందుకు వచ్చాడు. ఆయన గొంతులో అధికారం లేదు.

"మేకా, మాకు ఆయమ్మ మీద అనుమానం లేదు. రేపు వస్తాదేమోనని భయం. చెల్లెలితో మాట్లాడేటట్టుంటే బీగం ఇచ్చేయమని చెప్పు."

అత్త లేచి నిలబడింది. జగడానికి లేచినట్టు కాదు. కరెంటు స్తంభం పక్కన ఆమె ఎంత చిన్న మనిషో ఆ రోజే చూశాను. కుడి చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ముడి మీదే ఉండిపోయింది. ఇచ్చేస్తుందనుకున్నాను. ఇచ్చేయాలనీ అనుకున్నాను, ఇవ్వకూడదనీ అనుకున్నాను. మా తమ్ముడి చేను కూడా ఎండుతోంది మరి.

ఆమె వంగి మేక కొమ్ము పట్టుకుని, దాని ముఖాన్ని చెల్లెలి వైపు తిప్పింది.

"మేకా, మా చెల్లెలికి చెప్పు. వానొచ్చినాక మాట్లాడదామని చెప్పు. వానొస్తే ఈ బీగానికి పనుండదు. ఆ పొద్దు నేనే వస్తానని చెప్పు."

చెల్లెలు పళ్లెం మేక ముందు పెట్టి వెళ్లిపోయింది. ఊరంతా చూస్తుండగా ఆ మేక ఓళిగలన్నీ తిని, పైన కప్పిన గుడ్డను కూడా సగం తింది. ఎవరూ అదిలించలేదు.

వంతులు నడిచాయి. చెల్లెలి చేను పైసగం ఆకు ముడుచుకుంది, పండింది, రాలింది. చూడలేక మునెప్ప తాతే ఒక రోజు వచ్చి, తన వంతు ఆ చేనికి ఇమ్మని మేకను బతిమాలాడు.

"మార్చేది లేదని చెప్పు మేకా" అంది ఆమె. "ఈ పొద్దు దయ తలచి మారిస్తే, రేపు దబాయించి మారుస్తారు."

చెల్లెలి వంతు వచ్చేనాటికి తడపడానికి కింది సగమే మిగిలింది. ఆ రోజు వాల్వు తిప్పి, సాయంత్రం దాకా ఆమె ఆ చేని గట్టు మీదే కూర్చుంది. చెల్లెలు అవతలి గట్టు మీద. మధ్యలో నీళ్లు చిమ్ముతూ స్ప్రింక్లర్లు తిరిగాయి. మేక ఏ గట్టుకు పోవాలో తెలియక నడుమ నిలబడి తడిసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం కొండ మీద మబ్బు కూర్చుంది. కూర్చున్నది లేచి మా ఊరి మీదికి వచ్చింది. వాన అంటే అది వాన. ఏటి బాకీ అంతా ఒక్క పూటలో తీర్చేసినట్టు. అట్లాంటి వానలో ఎవరైనా ఆకాశం చూస్తారు. మా ఊరు ఆమె తలుపు వైపు చూసింది.

తలుపు తెరుచుకుంది. కొంగు ముడి విప్పుకుంటూ వచ్చి, మునెప్ప తాత అరుగు మీద తాళంచెవి పెట్టి, వానలో నడుచుకుంటూ పోయింది. వానంటే గిట్టని మేకను కూడా ఈడ్చుకుపోయింది. చెల్లెలు తలుపు తీసి చూసి, "తడుస్తాండావు కదే, లోపలికి రా" అంది. అక్కతో అందో మేకతో అందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరూ లోపలికి పోయారు. తలుపు పడింది. ఊరు వానలో నిలబడి చెవులు రిక్కించింది. దీపాల వేళ దాకా లోపల మాటలు వినపడుతూనే ఉన్నాయట, ఏ ఒక్క మాటా తెలియలేదట.

ఏం మాట్లాడుకున్నారని తర్వాత నేను చెల్లెల్ని అడిగాను. నా కుతూహలానికి సిగ్గు లేదు.

"ఏం మాట్లాడుకుంటామప్పా" అంది. "ఊర్లోవాళ్లందర్నీ ఆమె తిడుతుండె, నేను ఊ కొడుతుంటి. కడుపు నిండిపాయె."

అప్పటి నుంచి అదే పద్ధతి. వాన పడితే తాళంచెవి మునెప్ప తాత అరుగు మీద, అక్కాచెల్లెళ్లు ఒక గుమ్మంలో. నేల నెర్రెలిచ్చి వంతులు మొదలవుతాయనగానే ఆమె పోయి తాళంచెవి తెచ్చుకుని, చెల్లెలి వాకిట్లో నిలబడి, ఊరందరికీ వినపడేలా ఒక జగడం ఆడి, మాటలు మానేసేది. ఆ జగడం ఎంత బాగా ఆడేదంటే, నిన్నటిదాకా ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారని తెలిసిన నేను కూడా నమ్మేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మావాళ్లు కనపడితే వాన గురించి అడిగేవాళ్లు కాదు. "అక్కాచెల్లెండ్లు ఎట్లుండారప్పా?" అని అడిగేవాళ్లు. మాట్లాడుకుంటున్నారంటే విత్తనం వేసుకోవచ్చు.

పోయిన ఏడు ఎండబెట్టిన రోజుల్లోనే ఆమె పోయింది. సాయంత్రం పెట్టెకు బీగం వేసి వచ్చి, అరుగు మీద కూర్చుని, గోడకు ఆనుకుంది. మేక ఎంతకూ అక్కణ్నుంచి కదలకపోతే పక్కింటాయన వచ్చి చూశాడట. అది పాత మేక కాదు, దాని కూతురు. ఉద్యోగం వారసత్వంగా వచ్చింది.

కబురు తెలిసి నేను పోయేసరికి వాకిలి నిండా జనం. ఆమెతో మాటల్లేనివాళ్లందరూ ఉన్నారు, అంటే ఊరంతా. మా వైపు ఆడవాళ్లు పోయినవాళ్లతో నేరుగా మాట్లాడుతూ ఏడుస్తారు. నన్ను వదిలి పోతివా, ఇంక నాకెవరుండారు, అని పిలుస్తారు. చెల్లెలు వస్తే అందరూ దారి ఇచ్చి, ఆ పిలుపు కోసం చూశారు.

ఆమె అక్క తల దగ్గరికి పోలేదు. పందిరి గుంజకు కట్టేసిన మేక దగ్గర కూర్చుంది. కొమ్ము పట్టుకుని, దాని ముఖాన్ని అక్క వైపు తిప్పింది.

"మేకా, మా అక్కకు చెప్పు. వానొచ్చినాక మాట్లాడదామనింది. ఇంకా రాలేదు కదా. ఆమె ఆడిన మాట నేను తప్పనని చెప్పు."

మునెప్ప తాత కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మేక నోటికి దండ ఒకటి అందింది, అది నములుతూ ఉంది. నాకు నవ్వు రావాల్సిన చోట అది. రాలేదు.

ఆమెను వాళ్ల చేనిలోనే పెట్టి వచ్చాక, చెల్లెలు అక్క కొంగు నుంచి విప్పి ఉంచుకున్న తాళంచెవి తన కొంగున ముడి వేసుకుంది. ఎవరో నసిగారు, ఈమెది మెత్తని మనసు కదా, అందరితో మంచిగా ఉంటుంది కదా అని. ఆమె మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మా అందరి భయానికే కదా వాళ్లిద్దరూ ఎండ ఎండకూ నోరు కట్టుకున్నది.

"మేకా, వీళ్లకు చెప్పు" అంది. "ఈ పొద్దు నుంచి వీళ్లలో ఒక్కరితోనూ నాకు మాటల్లేవు."

ఊళ్లో ఎవరూ తల ఎత్తలేదు. మరుసటి పొద్దున వంతు ఉన్న ఇంటి ముందు మేక ఆగింది.

ఇదంతా విని రొళ్ల రైతు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మా ఊర్లో అందరూ మంచోళ్లే అప్పా. ఏం చేయల్ల?" అన్నాడు. అయితే కష్టమే అన్నాను. అన్నిటికంటే పెద్ద బీగం కట్టించుకుని, అట్లాంటి మేక యాడ దొరుకుతాదో కూడా అడిగి తెలుసుకుని పోయాడు.

అతనికి చెప్పనిది ఒకటి ఉంది. ఆమె పోయిన తర్వాత కొన్నాళ్లకు వాన వచ్చింది. నేను మా తమ్ముడి చేని దగ్గర రేకుల షెడ్డు కింద ఉన్నాను. ఆ వానలో చెల్లెలు గట్టు వెంబడి నడిచి వచ్చి, అక్కను పెట్టిన చోట బురదలోనే చతికిలబడింది. చెయ్యి తిప్పుతూ మాట్లాడడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి నడుం మీద, కుడి చెయ్యి గాల్లో. ఏం మాట్లాడుతోందో వినాలని షెడ్డు అంచుదాకా పోయి, మెడ చాచి, తడిసిపోయాను. రేకుల మీద వాన చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. ఎంతసేపు మాట్లాడిందో మాట్లాడింది.

మేకను ఇంట్లోనే కట్టేసి వచ్చింది. ఆ రోజు దానితో పని లేదు.